తెలిసే అన్నాను ఆ మాట!

గుడ్ ఫ్రైడే రోజున మా చర్చిలో ఏడుగురు మాట్లాడతారు. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలైన ఆరాధన మూడింటిదాకా సాగుతుంది. సిలువ మీద యేసుప్రభువు పలికిన ఏడు మాటల్లో ఒక్కొక్కరికీ ఒక్కో మాట ఇస్తారు. ఎవరికి ఏ మాటో రెండు మూడు వారాల ముందే అయ్యగారు చెప్పేస్తారు. పాస్టరుగారిని మా వైపు అయ్యగారనే అంటాం. ఆ ఏడుగురిలో ఒకరో ఇద్దరో ఆడవాళ్లుంటారు. ఆ అవకాశం రావడమంటే మాకు ఎంతో గొప్ప.

2009లో అది నాకు వచ్చింది. అదీ మొదటి మాట! తనను సిలువ వేస్తున్నవాళ్లకు తామేం చేస్తున్నారో తెలియదనీ, వాళ్లను క్షమించమనీ ప్రభువు తండ్రిని వేడుకున్న మాట.

ఎంత పొంగిపోయానో చెప్పలేను. అప్పటికి నేను చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శిని. బళ్లో ఇరవైమూడేళ్లుగా పాఠాలు చెబుతున్న టీచర్ని. నలుగురిలో మాట్లాడటం నాకు కొత్తేం కాదు. ఆ రాత్రే నోటుపుస్తకం తీసి కూర్చున్నాను. నన్ను బాధపెట్టిన వాళ్లందర్నీ నేనెలా క్షమించానో రాయడం మొదలుపెట్టాను. పెళ్లయిన కొత్తలో అత్తవారింట పడ్డ మాటలు, నాకు రావలసిన చోటికి వేరొకరిని బదిలీ చేసినప్పటి దుఃఖం... మూడు పేజీలు ఇట్టే నిండిపోయాయి.

నాలుగో పేజీలో, 'పాపం, వాళ్లకు తెలియదు' అని రాశాను. అక్కడ పెన్ను ఆగిపోయింది.

వాళ్లకు తెలియదు, సరే. మరి నాకు?

పద్నాలుగేళ్ల కిందటి గొంతు ఒకటి చెవిలో వినబడింది. అది ఎవరిదో కాదు, నాదే. ఆ రోజు నేనేం చేస్తున్నానో నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను ఆ మాట.

తాకట్టులో పోయిన గాజులు

నాకు పదకొండో ఏట అమ్మ పోయింది. మరుసటేడు అన్నయ్యకు పెళ్లయింది. వదినకప్పుడు ఇరవై ఏళ్లు. వచ్చిన రోజు నుంచే నాకు తల దువ్వి జడ వేసింది. నేను పెద్దమనిషినైనప్పుడు దగ్గరుండి చూసుకుంది. అన్నయ్య గుంటూరులో పొగాకు పనికి వెళ్లేవాడు. వదిన మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఇద్దరి కూలీతోనూ ఇల్లు గడిచేది.

1982లో నాకు టీచర్ ట్రైనింగ్‌లో సీటొచ్చింది. ఫీజుకీ, హాస్టలుకీ డబ్బు లేదు. అన్నయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. వదిన చేతి గాజులు తీసి అతని ముందు పెట్టింది. వాళ్లమ్మ పెళ్లినాడు పెట్టిన బంగారు గాజులవి. ఆమెకున్న బంగారమల్లా అదే.

"గాజులు మళ్లీ చేయించుకోవచ్చు. సీటు మళ్లీ రాదు" అంది.

ఆ గాజులు మార్వాడీ కొట్టుకెళ్లాయి. వడ్డీ మీద వడ్డీ పెరిగి ఇక తిరిగి రాలేదు. 1986లో నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో వదినకు చీర కొన్నాను. "గాజులు చేయిస్తా వదినా" అని కూడా అన్నాను. ఆ తర్వాత ఏటా అంటూనే ఉన్నాను. నాకు పెళ్లయింది, నరసరావుపేటలో కాపురం పెట్టాం, పిల్లలు పుట్టారు. గాజుల మాట మాత్రం మాటగానే మిగిలిపోయింది.

1993లో అన్నయ్య చనిపోయాడు. వదిన, పదమూడేళ్ల కూతురు మిగిలారు.

1995 జూన్. బళ్లు తెరిచిన వారం. వదిన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. నాకిష్టమని సంచినిండా గోంగూర తెచ్చింది. పిల్ల పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైంది. 600కి 412 మార్కులు. మార్కుల లిస్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"అమ్మాయ్, దీన్ని ఇంటర్లో చేర్పిద్దామనుకుంటున్నా. రెండు వేలు సర్దుతావా? నెలనెలా కొంత కొంత తీర్చేస్తా" అంది వదిన.

అప్పుడు బీరువాలో నాలుగు వేలున్నాయి. చిట్టీ పాడుకున్న డబ్బు. ఫ్రిజ్ కొందామని దాచుకున్నాను.

"ఆయన ఒప్పుకోరు వదినా" అన్నాను. అక్కడితో ఆగానా? లేదు. "అయినా ఆడపిల్లకు పదో తరగతి చాలదూ? ఇంటర్లు చదివి ఏం ఉద్ధరిస్తుంది? నీతోపాటు పనికి తీసుకెళ్తే నాలుగు రాళ్లొస్తాయి. మీ బరువు కూడా నన్నే మొయ్యమంటే నావల్ల కాదు" అన్నాను.

మావారిని నేను అడగనేలేదు. అడిగితే కాదనే మనిషి కాదు. ఇక ఆడపిల్లకు చదువెందుకన్న మాట... ఆ వారమంతా నేను ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, ఆడపిల్లల్ని బడికి పంపమని తల్లులను బతిమాలుతున్నాను!

వదిన ఏమీ అనలేదు. మంచినీళ్లు తాగి, "వస్తాం అమ్మాయ్" అని లేచింది. పిల్ల నా వంక చూడలేదు. గేటు దాటుతూ ఆ ప్లాస్టిక్ కవర్ని రెండు మడతలు పెట్టుకుంది. మర్నాటి నుంచి తల్లితోపాటు తొడిమలు తీయడానికి వెళ్లింది.

జులైలో మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది.

ఏడు వందల ఆదివారాలు

ఆ తర్వాత రాకపోకలు పూర్తిగా తెగిపోలేదు. పెళ్లిళ్లలో కనబడితే వదిన మామూలుగానే పలకరించేది. పిల్ల మాత్రం "బాగున్నావా అత్తా" అని పక్కకు తప్పుకునేది. 1999లో దాని పెళ్లికి మిక్సీ, ఐదు వేలు చదివించాను. చెల్లుకు చెల్లు అయిపోయిందనుకున్నాను.

మాది లూథరన్ కుటుంబం. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం అది. మా ఆరాధన పాపపు ఒప్పుకోలుతోనే ఆరంభమవుతుంది. తలంపుల్లో, మాటల్లో, పనుల్లో చేసిన పాపాలను అందరం కలిసి ఒప్పుకుంటాం. అయ్యగారు దేవుని క్షమాపణను ప్రకటిస్తారు. ఆ పద్నాలుగేళ్లలో ఏడు వందల పైచిలుకు ఆదివారాలు నేనా మాటలు పలికాను. ఒక్కసారి కూడా గొంతు పట్టేయలేదు!

ఎందుకంటే 'నేను పాపిని' అనడం తేలిక. అందరూ అంటారు. '1995 జూన్‌లో డబ్బుండి లేదన్నాను, మొగుడి మీద అబద్ధం చెప్పాను, ఒక పిల్ల చదువు ఆపేశాను' అనడం కష్టం. అది నేనొక్కదాన్నే అనాలి.

ప్రభువు నేర్పిన ప్రార్థన కూడా అంతే. మత్తయి సువార్తలో ఉన్న ఆ ప్రార్థన తెలుగులో క్షమించమని అడిగేది 'ఋణాలను'. పాపమంటే ఎక్కడో పైనున్న దేవుడికీ నాకూ మధ్య సంగతి అనిపిస్తుంది. ఋణం అలా కాదు. అప్పున్నవాడికి అప్పిచ్చిన మనిషి మొహం గుర్తొస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆ మాట అంటూనే ఉన్నాను. నా కళ్లముందు బోసి చేతులతో ఉన్న వదిన మాత్రం ఎప్పుడూ మెదల్లేదు.

నోటుపుస్తకం మూసేసిన ఆ రాత్రి మెదిలింది. ఇక నిద్ర లేదు.

రెండు చోట్ల నిప్పు

మా చర్చిలో ఒక మామ్మగారుండేవారు. అప్పటికి ఎనభై దాటాయి. నలభై ఏళ్లు బైబిలు స్త్రీగా పనిచేసి రిటైరయ్యారు. ఈ తరానికి ఆ పేరు తెలియకపోవచ్చు. ఆడవాళ్లు గడప దాటని రోజుల్లో వాళ్ల ఇళ్లకే వెళ్లి, పెరట్లో కూర్చుని బైబిలు చదివి వినిపించి, అక్షరాలు కూడా దిద్దించిన స్త్రీలు వాళ్లు. ఎండలో ఊళ్లన్నీ కాలినడకన తిరిగిన మనిషి. ఏ ఇంటి గుట్టూ బయటపెట్టరని ఆవిడకు పేరు.

నాలుగు రోజులు చూసి ఆవిడ దగ్గరికే వెళ్లాను. చింతపండు గింజలు తీస్తున్నారు. "అయ్యగారితో చెప్పి ఆ మాట ఇంకెవరికైనా ఇప్పించండి మామ్మగారూ. నాకు అర్హత లేదు" అన్నాను. ఏడుస్తూ ఏదో చెప్పబోయాను.

"ఏడుపు తర్వాత. వదిన ఎంతడిగింది?"

"రెండు వేలు."

"నీ దగ్గరెంతుంది?"

"నాలుగు వేలు."

"పిల్ల అక్కడే ఉందా?"

"గుమ్మంలో ఉంది."

"విందా?"

"...వింది."

'ఊరుకో తల్లీ, దేవుడు క్షమిస్తాడులే' అంటారనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే వెళ్లాను. ఆవిడ అలా అనలేదు. పేతురు సంగతి ఎత్తారు.

ప్రభువును పట్టుకెళ్లిన రాత్రి చలిగా ఉంది. ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో పనివాళ్లు బొగ్గుల నిప్పు వేసుకున్నారు. పేతురు ఆ నిప్పు దగ్గరే చలి కాచుకుంటూ, ఆయనెవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకాడు. కోడి కూసింది. ఇది అందరికీ తెలిసిందే. ప్రభువు తిరిగి లేచాక ఒక తెల్లవారుజామున శిష్యులు చేపల వేట నుంచి ఒడ్డుకొస్తే, అక్కడ మళ్లీ బొగ్గుల నిప్పు కనబడింది. దానిమీద చేపలు, పక్కన రొట్టె. తిన్నాక ప్రభువు పేతురును మూడుసార్లు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. యోహాను సువార్త 18, 21 అధ్యాయాల్లో ఉన్నాయి ఈ రెండు నిప్పులూ. ఎన్నిసార్లు చదివానో! రెండింటినీ కలిపి ఎప్పుడూ చూడలేదు.

"ఆ సెగ తగలగానే పేతురుకు ఎట్టా ఉండుంటదంటావ్?" అన్నారు మామ్మగారు. "పోనీలే, మర్చిపో అనలా ప్రభువు. ఎక్కడ పడ్డాడో ఆ నిప్పు కాడికే తీసుకొచ్చి లేపాడు. మూడుసార్లు పడ్డాడు, మూడుసార్లు లేపాడు. లేపి ఊరుకున్నాడా? నా గొర్రెల్ని మేపమని పని కూడా అప్పజెప్పాడు."

"యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడుగా మామ్మగారూ?"

"పడ్డాడు. డబ్బులు కూడా తిరిగిచ్చేశాడు. ఎవరి కాడికెళ్లాడు? తనకా డబ్బిచ్చిన యాజకుల కాడికి. మాకేం పట్టిందన్నారు వాళ్లు. ఒంటరిగా పోయి ఉరేసుకున్నాడు. పేతురు సిగ్గుతో చచ్చిపోతా కూడా మిగతా శిష్యులతోనే ఉండిపోయాడు. తప్పు పెద్దదా చిన్నదా అని కాదమ్మా. తప్పు చేసినాక ఎటెళ్లామన్నది చూసుకో."

"నేను ప్రభువు బల్లకు కూడా రాలేను. నన్ను నేనే క్షమించుకోలేను" అన్నాను.

మామ్మగారికి కోపమొచ్చింది. "అదీ గర్వమే! ఆయన క్షమిస్తానంటుంటే నువ్వు వద్దంటన్నావా? ఆయన తీర్పు కంటే నీ తీర్పు గొప్పదా? ముందు వదిన కాడికెళ్లు."

"వెళ్తేనే దేవుడు క్షమిస్తాడా?"

"ఎంత టీచరువి నువ్వు! జక్కయ్యను చూడు. నీ ఇంటికొస్తానని ప్రభువు ముందే అన్నాడు. ఆ తర్వాతే వాడు అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఇచ్చాడని ఆయన రాలేదు. ఆయనొచ్చాడు గనక ఇవ్వబుద్ధేసింది. నువ్వూ అంతే. క్షమాపణ దొరికింది గనకే పోగలవు. లేకపోతే ఇంకో పద్నాలుగేళ్లు ఇట్టాగే దాక్కుంటావు."

లేచి వస్తుంటే ఇంకో మాట అన్నారు. "శుక్రవారం నాడు గుళ్లో దీన్ని సాక్ష్యంగా చెప్పమాక. అది నీ కథైపోద్ది. పోయింది వాళ్లది."

ఆ రాత్రి మావారికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నా పేరు చెప్పావా? ఇన్నేళ్లుగా మీ వదిన నాతో ముభావంగా ఉండేది ఇందుకా?" అన్నారు చివరికి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను చేసిన తప్పు ఇద్దరి దగ్గరే ఆగలేదని అప్పుడు తెలిసింది. ఏ పాపమూ తెలియని మనిషి మీద కూడా మచ్చ వేశాను.

మజ్జిగలో పెట్టిన చేతులు

ఏప్రిల్ 8, బుధవారం. శ్రమల వారం. బడి కాగానే గుంటూరు బస్సెక్కాను. ఫిరంగిపురం దాటాక రోడ్డు పక్క కల్లాల్లో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంది. మధ్యదారిలో దిగిపోదామని రెండుసార్లు అనిపించింది.

వదిన అప్పుడే పని నుంచి వచ్చింది. గిన్నెలో మజ్జిగ పోసుకుని రెండు చేతులూ అందులో పెట్టుకుని కూర్చుంది. రోజంతా తొడిమలు తీసిన చేతులు రాత్రిదాకా మండుతాయి. చిన్నప్పుడు ఆ చేతులతోనే నాకు జడ వేస్తుంటే, "కళ్లు మండుతున్నాయి వదినా" అని విసుక్కునేదాన్ని.

నిలబడే చెప్పాను. "వదినా, ఆ రోజు బీరువాలో డబ్బుంది. ఆయన్ను నేనడగలేదు. అబద్ధం చెప్పాను. పిల్ల చదువు ఆగిపోయింది నావల్లే. నన్ను క్షమించు."

ఇవి మాత్రమే చెప్పాలని బస్సులో అనుకున్నాను. 'అప్పుడు నాకూ ఖర్చులున్నాయి', 'చిన్నతనం' లాంటివి ఒక్కటి కలిసినా అది క్షమాపణ అడగడం కాదు, సంజాయిషీ అవుతుంది.

వదిన మజ్జిగ వంకే చూస్తూ, "ఇన్నాళ్లకా?" అంది. కాసేపాగి చెప్పింది. "ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగింది నీ మేనకోడలు. 'అత్త చదువుకుందిగా అమ్మా, నన్నెందుకు చదవొద్దంది?' అని. ఏం చెప్పను? 'అత్త మంచిదే, చేతిలో డబ్బు లేక అట్టా అంది' అని చెప్పా."

నేను ఇంట్లో ఫ్రిజ్ కోసం చోటు చూసుకుంటున్న వేళ, వదిన బస్సులో నా పరువు కాపాడుతోంది! నా కాళ్లలో సత్తువ పోయింది. అక్కడే కూలబడ్డాను.

"నా మటుకు నేను ఎప్పుడో వదిలేశా అమ్మాయ్" అంది వదిన. "కడుపులో పెట్టుకుని కూచుంటే పని సాగదు. కానీ చదువు పోయింది నాది కాదు. దాని బదులు నేను క్షమించలేను. అది దాన్నే అడుగు."

నా చేతికున్న రెండు బంగారు గాజులు తీసి ఆమె ముందు పెట్టాను. తోసేస్తుందనుకున్నాను. చేతులు తుడుచుకుని తీసుకుంది. "తీసుకోకపోతే నీకు నిద్రపట్టదు. అయినా నావేగా!" అని నవ్వింది. పద్నాలుగేళ్ల తర్వాత నా ముందు అలా నవ్వడం అదే. "అన్నం తిని వెళ్లు" అని లేచింది.

శుక్రవారం నాడు ఆ మూడు పేజీలూ చర్చికి తీసుకెళ్లలేదు. ఐదే నిమిషాలు మాట్లాడాను. ప్రభువు తెలియక చేసినవాళ్ల కోసం ప్రార్థించాడు, మరి తెలిసి చేసినవాళ్ల సంగతేమిటని మనల్ని మనమే ప్రశ్నించుకోవాలన్నాను. అంతే, కూర్చున్నాను. నా తర్వాతి వారిది రెండో మాట. పక్క సిలువ మీదున్న దొంగతో ప్రభువు అన్న మాట. తనకు పడిన శిక్ష న్యాయమేనని ఒప్పుకుని, నన్ను జ్ఞాపకం చేసుకోమని అడిగాడు ఆ దొంగ. నాకు ఇచ్చింది మొదటి మాటైనా, నాకోసం ఉన్నది రెండో మాటని వింటుంటే తెలిసింది. ఆ మాట ఆ రోజు నా కోసమే చదివినట్టు విన్నాను. ఏళ్ల తరబడి పెదాలతో పలికిన క్షమాపణ గుండెలోకి దిగింది అప్పుడే.

ఏడేళ్లు

ఈస్టరు వెళ్లాక మేనకోడలి ఇంటికి వెళ్లాను. బట్టలు కుడుతోంది. నేను చెబుతున్నంతసేపూ మిషను ఆపలేదు. కావాలంటే ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టొచ్చు, నేను చూసుకుంటానన్నాను.

"ఇద్దరు పిల్లలు, ఈ మిషను... ఇప్పుడెక్కడ కుదురుద్ది అత్తా?" అంది. ఆ తర్వాత తల ఎత్తి, "నువ్వు హాయిగా నిద్రపోవడానికి నేను క్షమించానని చెప్పాలా?" అంది.

"చెప్పొద్దు" అన్నాను. ఇంకేం అనగలను?

మామ్మగారి దగ్గరికొచ్చి, "డెబ్బై ఏళ్ల మారులైనా క్షమించమని ప్రభువు చెప్పాడుగా, దానికి ఒక్కసారి కూడా మనసు రావడం లేదు" అన్నాను. ఆవిడ కసురుకున్నారు. "ఆ లెక్క క్షమించేవాళ్లకు చెప్పింది. తప్పు చేసినవాళ్లు చిట్టా పట్టుకుపోయి వసూలు చేసుకోమని కాదు. ఆ పిల్లకు టైముంటది. నువ్వు ఎదురుచూడు."

ఎంత నిజం! మన ఇళ్లలో, చర్చిల్లో కూడా దెబ్బతిన్నవాళ్లనే ముందు క్షమించమంటాం. 'క్రైస్తవురాలివై ఉండి ఇంకా మనసులో పెట్టుకుంటావా' అని నిలదీస్తాం. దెబ్బకొట్టినవాళ్లను మాత్రం ఏమీ అడగం. దేవుడు నన్ను క్షమించాడు కాబట్టి నువ్వూ వెంటనే క్షమించాలని పట్టుబట్టడం రెండోసారి తప్పు చేయడమే.

ఎదురుచూశాను. ఏటా జూన్‌లో మా బడి నుంచి వెళ్లిన ఆడపిల్లల్లో ఎవరు చదువు మానేస్తున్నారో కనుక్కుని, వాళ్ల ఇళ్లకు వెళ్లేదాన్ని. అవసరమైతే ఫీజు కట్టేదాన్ని. అది నా పాపానికి కట్టిన వెల కాదు. ఆ వెల కట్టడం నావల్ల కాదని అప్పటికే తెలుసుకున్నాను. పేతురుకు అప్పజెప్పినట్టు నాకూ ఒక పని దొరికిందనుకున్నాను, అంతే. 2013లో మామ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు.

2016 జూన్‌లో ఒక రోజు ఫోన్ మోగింది. మేనకోడలు!

"అత్తా, పెద్దది పది పాసైంది. కాలేజీలో ఏవేవో కాగితాలు అడుగుతున్నారు. నాకు తెలియడం లేదు. నువ్వొస్తావా?" అంది. నేనింకా నోరు తెరవకముందే, "డబ్బులున్నాయి అత్తా, దాచాను. నువ్వు ఊరికే పక్కనుంటే చాలు" అంది.

మర్నాడు కాలేజీలో ముగ్గురం వరసలో నిలబడ్డాం. పిల్ల చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మార్కుల మెమో. మా వంతు వచ్చేసరికి మేనకోడలు ఆ కవరు తీసి నా చేతికిచ్చింది. "పట్టుకో అత్తా, నువ్వే మాట్లాడు" అంది. ఇరవయ్యొక్క ఏళ్ల కిందట నేను చేతిలోకి తీసుకుని చూడని కవరు అది. నా చేతులు వణికాయి. మేనకోడలు చూసింది. ఏమీ అనలేదు.

'నిన్ను క్షమించాను' అని అది ఈనాటికీ అనలేదు. నేనూ అడగలేదు.

ఇదంతా ఎందుకు రాశానంటే...

2024లో రిటైరయ్యాను. తీరిక దొరికాక ఇది రాద్దామా అని మేనకోడల్నే అడిగాను. "రాయి అత్తా, పేర్లు మాత్రం వద్దు" అంది. అందుకే ఇందులో ఎవరి పేర్లూ లేవు.

క్షమాపణ అంటే పాతదంతా చెరిగిపోవడం అనుకునేదాన్ని. చెరగదు. నా మేనకోడలికి ఆ రెండేళ్ల ఇంటర్ తిరిగి రాలేదు. దాని వేళ్లకు మిర్చి మంట తగలకుండా పోలేదు. కానీ దాక్కోవలసిన అవసరం పోయింది. నేను నమ్మిన ప్రభువు నా తప్పును చిన్నది చేసి చూపించలేదు. దాని ఉన్నంత ఎత్తునూ చూపించాడు. చూపించాక కూడా నన్ను తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఆ బలంతోనే వదిన గుమ్మం ఎక్కగలిగాను.

మీలో ఎవరికైనా ఇలాంటి ఒక జూన్ నెల ఉండొచ్చు. 'ఇన్నేళ్లయింది, ఇప్పుడెందుకు కదపడం' అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అవతలి మనిషి బతికుండగానే వెళ్లండి. తప్పును దాని పేరుతోనే చెప్పండి. తిరిగి ఇవ్వగలిగింది ఏదైనా ఉంటే చేత్తో పట్టుకెళ్లండి. జవాబు మాత్రం వాళ్లకే వదిలేయండి.

గాజుల సంగతి చెప్పడం మరిచాను. వదిన వాటిని ఎన్నాళ్లో వేసుకోలేదు. 2018లో మనవరాలికి నర్సింగులో సీటొస్తే, ఫీజు కోసం మళ్లీ తాకట్టు పెట్టింది! నాకు ముందే చెప్పి, లెక్క కూడా రాయించింది. నెలనెలా వడ్డీలో సగం నాది, సగం మేనకోడలిది. 2022లో పిల్ల చదువు పూర్తయి ఉద్యోగంలో చేరింది. తొలి జీతంతో అమ్మమ్మను వెంటబెట్టుకెళ్లి గాజులు విడిపించింది.

ఈ మధ్య వెళ్లినప్పుడు చూశాను. వదిన చేతులకే ఉన్నాయి.